కోటిన్నర కార్డుల కల

పాల్ ఒట్లే 1944 డిసెంబరు 10న బ్రస్సెల్స్‌లో కన్నుమూశాడు. జర్మన్ సేనలు ఊరు విడిచి అప్పటికి మూడు నెలలు. విడుదలైన నగరం చచ్చినవాళ్లను లెక్కపెట్టుకుంటోంది, బతికున్నవాళ్లకు రొట్టే బొగ్గూ వెతుక్కుంటోంది. డెబ్బై ఆరేళ్ల ఆ వృద్ధుడి మరణం ఎవరికీ పెద్ద వార్త కాలేదు. యాభై ఏళ్లు ఆయన కూడబెట్టిన సంపద అప్పుడు లియోపోల్డ్ పార్కులో, ఒకనాడు వైద్య విద్యార్థులు శరీర నిర్మాణం నేర్చుకున్న పాత భవనంలో, దుమ్ము కప్పుకుని పడి ఉంది. ఆ సంపద బంగారం కాదు, అట్టముక్కలు. ఒక్కొక్కటీ అరచేతిలో ఇమిడేటంత కార్డు. అలాంటివి కోటిన్నరకు పైగా రాయించాడు. లోకంలో అచ్చయిన ప్రతి పుస్తకానికీ, ప్రతి వ్యాసానికీ ఒక కార్డు ఉండాలనీ, ప్రతి కార్డూ తనకు సంబంధించిన మరికొన్నిటికి దారి చూపాలనీ ఆయన కోరిక.

కథ ఎలా ముగుస్తుందో ఇక దాచేందుకేమీ లేదు. ఆయన ఓడిపోయాడు. ఎక్కడెక్కడ ఓడకుండా నిలబడగలిగేవాడో చూసుకుంటూ, తెలిసిన ఆ చివరి వైపు ఆయన వెంట నడవడమే మనకు మిగిలింది.

ఇవాళ తెర మీద ఒక మాటను తాకితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. దాన్ని హైపర్‌టెక్స్ట్ అంటున్నాం. దాని చరిత్ర చెప్పేవాళ్లు మామూలుగా 1945లో అమెరికా ఇంజనీరు వానెవార్ బుష్ రాసిన వ్యాసంతో మొదలుపెడతారు. 1965లో ఆ పేరు పెట్టిన టెడ్ నెల్సన్ మీదుగా, 1989లో వెబ్‌ను ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్-లీ దగ్గరికి చేరుకుంటారు. వాళ్లంతా గొప్పవాళ్లే. కాని వాళ్లకంటే చాలా ముందే, కంప్యూటర్ అన్నది లేని రోజుల్లో, చెక్క సొరుగులతో, సిరాతో, అంకెలతో ఒకాయన ఈ పని మొదలుపెట్టాడు. మొదలుపెట్టడమే కాదు, దశాబ్దాల పాటు నడిపించాడు. ఆ ఆరంభం తర్వాతివాళ్లకు అందకుండా పోవడమే నా దుఃఖం.

ఒట్లే 1868 ఆగస్టు 23న బ్రస్సెల్స్‌లో పుట్టాడు. తండ్రి ఎడ్వార్డ్ దేశదేశాల్లో ట్రాములు వేయించి ధనవంతుడైనవాడు. తల్లి, బిడ్డకు మూడేళ్లు నిండేసరికి పోయింది. బడి పిల్లల మనసును ఇరుకు చేస్తుందని నమ్మిన ఆ తండ్రి, పదకొండో ఏడు వచ్చేదాకా కొడుకుకు ఇంట్లోనే పంతుళ్లను పెట్టి చదివించాడు. తల్లి లేని పెద్ద ఇల్లు, ఈడు స్నేహితులు లేని పసితనం, చుట్టూ పుస్తకాలు. తర్వాత జీవితమంతా వేరు వేరుగా పడి ఉన్నవాటిని ఒకదానికొకటి కలపాలని ఆయన పడ్డ తపనకు వేరు ఆ ఒంటరితనంలోనే ఉందని నాకు అనిపిస్తుంది. రుజువు చూపలేను. అనిపిస్తుంది, అంతే.

న్యాయశాస్త్రం చదివాడు. ఆ వృత్తిలో మనసు నిలవలేదు. ఆ రోజుల్లోనే హెన్రి లా ఫొంతేన్ పరిచయమయ్యాడు. ఆయన వయసులో పద్నాలుగేళ్లు పెద్ద, సోషలిస్టు, అంతర్జాతీయ న్యాయం తెలిసినవాడు, యుద్ధాలు లేని లోకం కోసం బతికినవాడు. 1913లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇద్దరికీ ఉమ్మడి నమ్మకం ఒకటే. మనుషులు ఒకరికొకరు తెలిస్తే కొట్టుకోరు, తెలియాలంటే ఒకరికి తెలిసింది మరొకరికి చేరాలి. ఎంత అమాయకమైన నమ్మకం! ఆ అమాయకత్వాన్ని తలుచుకుంటే ఈనాటికీ గొంతు పట్టేస్తుంది.

1895లో ఇద్దరూ కలిసి అంతర్జాతీయ గ్రంథసూచీ సంస్థను స్థాపించారు. ఆ ఏడాది చివరికే నాలుగు లక్షల కార్డులు సొరుగుల్లోకి చేరాయి. పుస్తకం అనే రూపం మీద ఒట్లేకు ఒక అసంతృప్తి ఉండేది. రచయిత ఏ వరసలో చెప్పాడో ఆ వరసలోనే విషయం అట్టల మధ్య బందీ అయిపోతుంది. వెయ్యి పుస్తకాల్లో వెయ్యి చోట్ల ఒకే సంగతిని గురించిన ముక్కలు పడి ఉంటాయి, ఒకదాని ఉనికి మరొకదానికి తెలియదు. ఆ ముక్కలను పుస్తకాల నుంచి విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో కార్డు ఇచ్చి, మళ్లీ వాటిని కొత్త బంధాలతో కలపాలి. చెప్పడానికి నాలుగు ముక్కల్లో అయిపోయింది. చేయడానికి ఆయన జన్మ చాలలేదు.

కలపడం ఎలా? అమెరికాలో మెల్విల్ డ్యూయీ పుస్తకాలకు అంకెలిచ్చే దశాంశ పద్ధతి ఒకటి తయారుచేసి ఉన్నాడు. ఆయన అనుమతితో దాన్ని తీసుకుని ఒట్లే, లా ఫొంతేన్ విస్తరించారు. అదే సార్వత్రిక దశాంశ వర్గీకరణ. డ్యూయీ పద్ధతిలో పుస్తకానికి అలమరలో ఒక్కటే చోటు. వీళ్ల పద్ధతిలో అంకెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 17 అంటే నీతిశాస్త్రం, 7 అంటే కళలు. నీతికీ కళకూ ఉన్న సంబంధాన్ని చర్చించిన రచన దొరికితే మధ్యలో రెండు చుక్కలు పెట్టి 17:7 అని రాస్తారు. దేశాలకు కుండలీకరణాలు, ఇండియా వంతు 54. కాలానికి, భాషకు, రచనా రూపానికి వేరే గుర్తులు. 17:7 అని రాసిన కార్డుకు నకలు తీసి 7:17 అని ఇంకో సొరుగులో పెట్టవచ్చు. అప్పుడు నీతి వైపు నుంచి వచ్చినవాడికి కళ కనిపిస్తుంది, కళ వైపు నుంచి వచ్చినవాడికి నీతి కనిపిస్తుంది. బంధం రెండు కొసల నుంచీ తెలుస్తుంది. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోమని వేడుకుంటున్నాను. మనం పోగొట్టుకున్నవాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

కార్డులు రాసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. పొడవాటి గదుల్లో, చెక్క బీరువాల వరసల మధ్య కూర్చుని, రోజంతా పుస్తకాల పేర్లు, పత్రికల సంచికలు, అంకెలు రాసేవాళ్లు. లోకం నలుమూలల నుంచి ప్రశ్నలు ఉత్తరాలుగా, తంతులుగా వచ్చేవి. రుసుము తీసుకుని సంబంధించిన కార్డులకు నకళ్లు రాసి పంపేవాళ్లు. 1912 నాటికి ఏటా పదిహేను వందలకు మించి ప్రశ్నలు వస్తున్నాయి. ఒకరికి బూమరాంగుల గురించి కావాలి, మరొకరికి బల్గేరియా ఆర్థిక వ్యవహారాలు కావాలి. అడిగినవాడెవడో, జవాబు రాసిన అమ్మాయెవరో ఒకరినొకరు ఎన్నడూ చూసుకోరు. అయినా ఆ గదిలో ఆ కాసేపు, ఎక్కడో దూరాన ఉన్న ఒకరి కుతూహలం కోసం ఇంకొకరి చెయ్యి సొరుగులు వెతికింది. అలాంటి చోట్లు భూమ్మీద అప్పుడు చాలా అరుదు.

అక్కడి నుంచి అంతా పెరుగుదలే. 1906లో ఇంజనీరు రాబర్ట్ గోల్డ్‌ష్మిట్‌తో కలిసి, పుస్తకం పేజీలను చిన్న ఫిల్ము ముక్కల మీదికి ఎక్కించే ఉపాయం ప్రకటించాడు. 1910లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన తర్వాత అంతర్జాతీయ మ్యూజియం వెలిసింది. పటాలు, బొమ్మలు, పోస్టర్లు, పత్రికలు, అన్నీ వచ్చి చేరాయి. పైకి వెళ్తున్న ఆ మెట్లు ఎక్కడ ఆగుతాయో తెలిసినవాళ్లం కాబట్టి, ఈ వైభవం గురించి చదువుతున్నకొద్దీ మనకు సంతోషం కాక గుండెల్లో గుబులు పెరుగుతుంది.

1914 ఆగస్టులో జర్మనీ బెల్జియంలోకి చొరబడింది. ఆ ఏడాదే ఐజర్ నది దగ్గర జరిగిన పోరులో ఒట్లే చిన్న కొడుకు జాన్ చనిపోయాడు. మనుషులు ఒకరికొకరు తెలిస్తే యుద్ధాలుండవని నమ్మిన తండ్రికి యుద్ధం చేసిన పని అది. ఆయన ద్వేషం వైపు తిరగలేదు. తిరిగినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కారు. ప్రవాసంలో కూర్చుని దేశాలన్నీ కలిసి నడుపుకోవలసిన ఒక సమితి గురించీ, మానవ హక్కుల పత్రం గురించీ రాశాడు. బిడ్డను మింగిన లోకానికే మళ్లీ మేలు చేయబోయాడు.

యుద్ధం ముగిశాక నానాజాతి సమితి ఏర్పడింది. దాని కేంద్రం బ్రస్సెల్స్‌లో ఉంటుందని ఒట్లే ఎంతో ఆశపెట్టుకున్నాడు. యుద్ధపు తొలి రోజుల్లోనే నలిగిన దేశానికి ఆ గౌరవం దక్కుతుందనుకున్నాడు. జెనీవాకు దక్కింది. ఇది మొదటి మలుపు. అయినా ఇంకా అవకాశం ఉంది. సమితి ఉప ప్రధాన కార్యదర్శి, జపాన్‌కు చెందిన ఇనాజో నితోబె, బ్రస్సెల్స్ సంస్థల మీద మంచి అభిప్రాయం చెప్పాడు. 1922లో సమితి మేధో సహకారం కోసం ఒక కమిటీ వేసింది. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ అందులో సభ్యులు. ఒట్లే పాతికేళ్లుగా కలగన్నది సరిగ్గా అలాంటిదే. ఆయన సొరుగులన్నీ దాని ఒళ్లో పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. కమిటీ ఆ ఒడి చాపలేదు. ఫ్రాన్స్ డబ్బిస్తానంది, 1926లో దాని కోసం పారిస్‌లో ఒక కొత్త సంస్థ వెలిసింది. ఆ రోజు ఆ కమిటీ బ్రస్సెల్స్ వైపు తిరిగి ఉంటే, ఒక దేశపు ప్రభుత్వాల దయాదాక్షిణ్యాల మీద కాక అనేక దేశాల బాధ్యత మీద ఆ కార్డులు బతికేవి. నేను పదే పదే ఇక్కడికే తిరిగి వస్తుంటాను. తలుపు తెరిచే ఉంది, లోపలికి రమ్మని పిలిచేవాడు గుమ్మంలోనే నిలబడ్డాడు, వెళ్లవలసినవాళ్లు వీధి దాటి వెళ్లిపోయారు.

ఇంతలో బెల్జియం ప్రభుత్వం సాంకాంతెనేర్ ప్రాసాదంలో ఒక విశాలమైన భాగాన్ని ఆయనకిచ్చింది. నానాజాతి సమితి తమ దేశానికి వస్తుందన్న ఆశ ఉన్నన్నాళ్లు ఆ దాతృత్వం ఉంది. ఆశ పోయాక ఆయన ప్రభుత్వానికి అద్దె ఇవ్వని అద్దెదారు అయిపోయాడు. 1924లో రబ్బరు వ్యాపారుల ప్రదర్శన ఒకటి పెట్టాలని, గదులు ఖాళీ చేయమన్నారు. చక్రాల గొట్టాలు, బూట్లు, రబ్బరు సామాన్లు పెట్టుకోవడానికి ప్రపంచ జ్ఞాన సూచిక పక్కకు తప్పుకోవాలి! సర్దుకోవడానికి తీరిక ఇవ్వలేదు. ఏళ్ల తరబడి వరస తప్పకుండా నిలబెట్టిన కార్డులు, పటాలు హడావుడిగా ఎత్తి పోశారు. వరసే ప్రాణమైన చోట వరస చెదరడమంటే ఏమిటో ఆలోచించండి. పూలు పూలుగానే ఉన్నాయి, దండ తెగిపోయింది. తర్వాత కొన్ని గదులు తిరిగి ఇచ్చారు కాని, ఆ గాయం మానలేదు.

రబ్బరు అన్న మాట రాస్తుంటే ఇంకొకటి గుర్తుకు రాకమానదు. ఆ ప్రాసాదపు మహా తోరణాన్ని కట్టించిన రెండో లియోపోల్డ్ రాజుకు కాంగో నుంచి వచ్చిన రబ్బరు సొమ్ము వెనక ఎన్ని నరికిన చేతులున్నాయో చరిత్రకు తెలుసు. ప్రపంచం మొత్తాన్ని ఒక చోట చేర్చాలన్న ఒట్లే కల ఆ నీడలోనే కూర్చుంది. ఆయన ప్రపంచంలో యూరప్ మాట్లాడినంతగా మిగతా లోకం మాట్లాడలేదు. ఆయనను ప్రేమిస్తూనే ఈ మాట చెప్పాలి.

ఆయన తన వంతు తప్పులు తానూ చేశాడు. దగ్గరివాళ్లు ఎంత చెప్పినా కలను చిన్నది చేసుకోలేదు. వర్గీకరణ ఒక్కదాన్నే గట్టిగా నిలబెడదామని హేగ్ నగరంలో ఫ్రిట్స్ డాంకర్ డోవిస్ వంటి పనిమంతులు అనుకున్నారు. అంకెల పద్ధతిని ఆ తర్వాత బతికించిందీ వాళ్లే. ఒట్లేకు అది చాలలేదు. సూచిక కావాలి, మ్యూజియం కావాలి, విశ్వవిద్యాలయం కావాలి, చివరికి ఒక ప్రపంచ నగరమే కావాలి. తాను పెట్టిన సంస్థే మెల్లగా తన చెయ్యి వదిలి పక్కకు జరుగుతుంటే కూడా ఆయన ఇంకా పెద్ద పటాలు గీస్తూనే ఉన్నాడు. ఒక్క మెట్టు దిగి ఉంటే బాగుండేది అంటాం మనం. దిగగలిగినవాడైతే అసలు మొదలుపెట్టేవాడే కాదేమో.

1928లో వాస్తుశిల్పి లె కొర్బూజియె ఆయన కోసం జెనీవా దగ్గర ఒక ప్రపంచ నగరాన్ని కాగితం మీద గీశాడు. నడుమ మెట్లు మెట్లుగా లేచే పిరమిడ్ వంటి మ్యూజియం. ఆ మొత్తం పథకం పేరు మండేనియం. సరస్సుకూ కొండలకూ మధ్య, సమితి పక్కనే. మరుసటి ఏడాది ప్రపంచ మాంద్యం వచ్చిపడింది. ఆ నగరంలో ఒక్క ఇటుకా పేర్చలేదు. పేరు మాత్రం బ్రస్సెల్స్‌లో మిగిలిన గదులకు అంటుకుని ఉండిపోయింది.

1934 వచ్చింది. ఈ ఏడాదిని తలుచుకోవడం కష్టం. డాక్యుమెంటేషన్ మీద తన మహాగ్రంథాన్ని ఒట్లే ఆ ఏడాదే వెలువరించాడు. అందులో ఒక బల్లను ఊహించాడు. దాని మీద పుస్తకాలుండవు. ఒక తెర, అందుబాటులో ఒక టెలిఫోను ఉంటాయి. పుస్తకాలన్నీ ఎక్కడో దూరాన ఒక మహా భవనంలో ఉంటాయి. కూర్చున్న చోటి నుంచే ప్రశ్న అడిగితే జవాబున్న పేజీ తెర మీద కనిపిస్తుంది. రెండు మూడు పుస్తకాలు ఒకేసారి చూడాలంటే తెరను రెండు మూడు భాగాలు చేసుకోవచ్చు. మన ఇళ్లలో ఇప్పుడున్న బల్ల అది. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే ప్రభుత్వం మండేనియం తలుపులు మూసేసింది. కొత్త లోకాన్ని అక్షరాలా చూడగలిగిన మనిషి, మూసిన తలుపుల బయట సహచరులతో కూర్చుని నిరసన తెలపాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు అరవై ఐదేళ్లు దాటాయి. తలుపులు తెరుచుకోలేదు. లోపల కార్డులున్నాయి, బయట వాటి భాష తెలిసిన మనిషి ఉన్నాడు. ఇంట్లోనే పని సాగించాడు.

మళ్లీ యుద్ధం ముంచుకొస్తుంటే, ఈ మొత్తాన్నీ అమెరికా తీసుకుని కాపాడమని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు తంతి పంపాడు. ప్రాణమంత ప్రేమించినదాన్ని, బతికితే చాలని పరాయి ఇంటికి పంపించేయబోయాడు. ఆ చెయ్యీ అందలేదు. 1940 మేలో జర్మన్లు బ్రస్సెల్స్‌లోకి వచ్చారు. గ్రంథాలయాలు తెలిసిన వాళ్ల అధికారులే వచ్చి చూశారు. వాళ్లకు అదంతా చెత్తగా కనిపించింది. తమ రాజ్యపు కళా ప్రదర్శనకు గదులు కావలసి వచ్చి 63 టన్నుల సామగ్రిని నాశనం చేశారు. మిగిలింది లియోపోల్డ్ పార్కుకు చేరింది. 1943 మేలో లా ఫొంతేన్ పోయాడు. ఆ తర్వాత ఏడాదిన్నర ఒట్లే ఒక్కడే. తన కాగితాలన్నీ ఒకే శరీరమనీ, ఒక భాగం మరొక భాగంతో ముడిపడి ఉందనీ, వాటిని విడదీయవద్దనీ వీలునామాలో కోరుకున్నాడు.

ఆయన పోయిన ఏడు నెలలకు, 1945 జూలైలో, వానెవార్ బుష్ వ్యాసం అమెరికాలో అచ్చయింది. సూక్ష్మ ఫిల్ముల మీద పుస్తకాలు, బల్ల మీద తెర, ఒక పత్రం నుంచి మరో పత్రానికి దారులు. ఒట్లే పేరు అందులో లేదు. బుష్ తన బుర్రతోనే అక్కడికి చేరుకున్నాడు. చేరిన చోట ముందే ఒకడి అడుగుజాడలున్నాయని ఆయనకు చెప్పేవాళ్లు లేరు. నెల్సన్ కూడా మళ్లీ మొదటి నుంచి ఆలోచించాడు. లంకె రెండు వైపుల నుంచీ కనిపించాలని ఆయన జీవితమంతా పట్టుబట్టాడు. బ్రస్సెల్స్ సొరుగుల్లో 17:7, 7:17 కార్డులు ఆ పట్టుదలకు సాక్ష్యంగా నిలబడి ఉన్నాయి. సాక్షిని పిలిచేవాళ్లే లేకపోయారు.

1968లో బాయిడ్ రేవర్డ్ అనే ఆస్ట్రేలియా యువ పరిశోధకుడు లియోపోల్డ్ పార్కులోని ఆ భవనానికి వెళ్లాడు. సాలెగూళ్లు, చెమ్మ, కాగితాల గుట్టలు. ఒట్లే కార్యాలయం ఆయన విడిచినట్టే ఉంది. అదే ఏడాది డిసెంబరు 9న సాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్ పట్టుకుని, తెర మీది మాటల మధ్య లంకెలను నిండు సభకు చూపించాడు. ఒట్లే పుట్టి సరిగ్గా నూరేళ్లు. రేవర్డ్ రాసిన జీవిత చరిత్ర 1975లో మాస్కోలో అచ్చయింది, చదివినవాళ్లు కొద్దిమంది. 1989లో బెర్నర్స్-లీ తన ప్రతిపాదన రాసింది ఎక్కడో తెలుసా? జెనీవా శివార్లలోని సెర్న్ పరిశోధన సంస్థలో. ప్రపంచ నగరం లేవవలసిన ఊళ్లోనే. అందులోనూ ఒట్లే ప్రస్తావన లేదు.

వెబ్ వచ్చింది, లోకం మారింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఈ వ్యాసానికి కావలసినవెన్నో దానిలోనే వెతుక్కున్నాను. కాని దాని లంకెకు ఒకే కొస ఉంది. నా పేజీ మీ పేజీని చూపిస్తుంది, మీ పేజీకి ఆ సంగతి తెలియదు. ఎందుకు చూపిస్తోందో లంకె చెప్పదు. ఆ రెండు చుక్కలు, వాటికి అటూ ఇటూ ఉన్న అంకెలు కనీసం చెప్పేవి, ఏ విషయానికి ఏ విషయంతో సంబంధం ఉందో. చూపించిన పేజీ చచ్చిపోతే లంకె గాలిలో వేలాడుతుంది. కార్డు చిరిగితే చూసి మళ్లీ రాసే మనిషి ఒట్లే గదిలో ఉండేది, ఆమెకు జీతముండేది, అది ఒక ఉద్యోగం. లంకెలను కనిపెట్టుకుని ఉండడం అందరి ఉమ్మడి బాధ్యత అని ఆయన అనుకున్నాడు. ఆ ఆలోచన 1922లోనో 1934లోనో వేళ్లూని ఉంటే, తర్వాత వచ్చిన యంత్రాలు దాని కొమ్మలుగా పెరిగేవేమో. ఎంత తలపోసుకున్నా ఈ ‘ఏమో’ దగ్గరే ఆగిపోవలసి వస్తుంది.

ఒట్లే వీలునామా సగమే నెరవేరింది. కాగితాలు లియోపోల్డ్ పార్కు వదిలాక బ్రస్సెల్స్‌లోనే చోటు నుంచి చోటుకు మారాయి, మారిన ప్రతిసారీ కొంత తరిగాయి. 1993లో వాటిని అక్కడికి 60 కిలోమీటర్ల దూరంలోని మోన్స్ పట్టణానికి తరలించారు. ఒకప్పుడు బట్టలూ సామాన్లూ అమ్మిన పెద్ద దుకాణం భవనంలో 1998లో మండేనియం మళ్లీ తెరుచుకుంది. 2013లో యునెస్కో ఆ సూచికను ప్రపంచ స్మృతుల పట్టికలో చేర్చింది. ఇప్పుడు అక్కడ బీరువాలు బారులు తీరి ఉన్నాయి, సొరుగుల మీద అంకెలున్నాయి, జనం వచ్చి చూసి వెళ్తున్నారు. కొత్త కార్డు రాసేవాళ్లు లేరు. ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూసేవాళ్లూ లేరు.